నొప్పి లేని ఎర్ర కన్ను: హైదరాబాద్ మెడికల్ షాపుల వారికి బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో మెడికల్ షాపులు నడిపే అన్నలకు, అక్కలకు, కౌంటర్ వెనక పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే తమ్ముళ్లకు,

మా ఇంట్లో బీరువాలో ఒక బిల్లు దాచాను. అందులో మూడే లైన్లు. షుగర్ మాత్రలు మెట్‌ఫార్మిన్ మూడు స్ట్రిప్పులు, గ్లిమెపిరైడ్ మూడు స్ట్రిప్పులు, కంటి చుక్కల సీసా ఒకటి. ఉప్పల్‌లో మా ఇంటికి దగ్గరున్న ఒక షాపులో మా నాన్న కొన్నవి. ఆ షాపు పేరు ఇక్కడ రాయను. డాక్టర్ చీటీ లేకుండా ఆ చుక్కలు వాడిన పొరపాటు ఆ ఒక్క షాపుదే కాదు, అందులో నా వాటా కూడా ఉంది.

నా వాటా ఏమిటో ముందే చెప్తాను. నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే కంటి పరీక్షలు చేసే మనిషిని. 12 ఏళ్లుగా కంటి ఆస్పత్రిలో పని. రోజూ 40, 50 మంది నా ముందు కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్‌కి గడ్డం ఆనించి కూర్చుంటారు. మా నాన్న మాత్రం ఒక్కసారి కూడా కూర్చోలేదు. "నీకెందుకు బిడ్డా శ్రమ, వీధి చివర షాపు ఉంది కదా" అనేవాడు. నేను కూడా సరేలే అనుకున్నాను.

నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. షుగర్ వచ్చి 17 ఏళ్లు. అరికాళ్లు తిమ్మిరి, కాలి నుంచి చెప్పు జారిపోయినా నాలుగడుగులు నడిచాక గానీ తెలియదు. దానికి ఇంట్లో నవ్వుకునేవాళ్లం. చెప్పు జారిపోయిన సంగతి తెలియని మనిషికి కంట్లో ఏం జరుగుతోందో కూడా తెలియకపోవచ్చన్న ఆలోచన నాకు రాలేదు. చదువుకున్నది పరీక్ష రాసేటప్పుడు గుర్తొచ్చినట్టు ఇంట్లో గుర్తుకు రాదు.

2023 వానాకాలంలో ఊరంతా కండ్లకలక అంటుకుంది, మీకు గుర్తుండే ఉంటుంది. మీ షాపుల ముందు నల్ల కళ్లద్దాలవాళ్లే. అప్పుడు మా ఇంట్లో కూడా ఒక చుక్కల మందు వచ్చి చేరింది. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపినది. వేసుకున్న రెండు రోజులకే ఎరుపు తగ్గింది. ఆ తర్వాత నాన్నకు ఎప్పుడు కన్ను ఎర్రబడినా అదే మందు. ఉప్పల్ రోడ్డు దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, ఎర్రబడని వారం ఉండేది కాదు. షాపులో తమ్ముడు మంచివాడు. ఖాళీ డబ్బా చూపిస్తే చాలు, "అదేనా అంకుల్?" అని తీసి ఇచ్చేవాడు. ఏడాదికి పైగా అలా నడిచింది.

ఒక ఆదివారం అన్నం తింటూ నాన్న కుడి కన్ను నలుపుకున్నాడు. "మసక మసకగా ఉంది, అద్దాలు మార్చాలేమో" అన్నాడు. ఫోన్ టార్చి వేసి చూశాను. నల్లగుడ్డు మీద, సరిగ్గా మధ్యకు కాస్త కిందగా, పెసరగింజంత బూడిద రంగు మచ్చ. చుట్టూ ఎరుపు. పెద్దవాళ్లు కంట్లో పువ్వు అంటారే, అది వేసే ముందు ఇలాగే ఉంటుంది.

"నొప్పి లేదా నాన్నా?"

"లేదు బిడ్డా. నొప్పి ఉంటే చెప్పనా?"

అంత పుండుకు మామూలు మనిషైతే కన్ను తెరవలేడు. వెలుతురు చూడలేడు, రాత్రి నిద్ర ఉండదు, తెల్లారకముందే ఆస్పత్రి ముందు కూర్చుంటాడు. నాన్న మాత్రం పప్పు కలుపుకుని తింటున్నాడు.

మర్నాడు ఆస్పత్రిలో, చుక్కల మందు ఏదీ వేయక ముందు, దూదిని సన్నని పోగులా మెలిపెట్టి పక్క నుంచి కార్నియాకు తాకించాను. ఎవరికైనా తాకీ తాకగానే రెప్ప పడుతుంది. నాన్న రెప్ప పడలేదు. కదలకుండా కూర్చుని, "పెట్టినవా, ఇంకా పెట్టలేదా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నే ఈ లేఖ రాయించింది.

కార్నియా అంటే నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా కూర్చున్న పొర. మధ్యలో దాని మందం దాదాపు అర మిల్లీమీటరు, మీ కౌంటర్ మీద గీకే ఏటీఎం కార్డు కన్నా పలుచన. అద్దంలా ఉండాలి కాబట్టి అందులో రక్తనాళాలు ఉండవు. గాలిలోని ఆక్సిజన్ కన్నీటి పొర గుండా అందుతుంది, తిండి కంటి లోపలి నీటి నుంచి అందుతుంది. రక్తం లేకపోయినా నరాలు మాత్రం విపరీతం. చర్మంతో పోలిస్తే వందల రెట్లు దట్టంగా ఉంటాయి. కంట్లో నలుసు పడితే మనిషి గిలగిలలాడేది అందుకే.

ఆ నరాలు నొప్పి చెప్పడమొక్కటే చేస్తే, అవి పోయినా ఏదోలా నెట్టుకురావచ్చు. కానీ కార్నియా పై పొరకు బలం కూడా వాటి నుంచే వస్తుంది. పై పొర కణాలు ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తవి వస్తుంటాయి, వారం పది రోజుల్లో పొర మొత్తం మారిపోతుంది. కొత్త కణాలు పుట్టడానికి, గీత పడ్డ చోటికి జరిగి పూడ్చడానికి నరాల చివర్ల నుంచి ఊరే పదార్థాలు కావాలి. రెప్ప కొట్టమని, కన్నీరు ఊరమని మెదడుకు కబురు పంపేవి కూడా అవే నరాలు.

షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే కాళ్ల నరాలు పాడైనట్టే ఇవీ పాడవుతాయి. పైగా రక్తంలో ఎక్కువైన చక్కెర కార్నియాలోని ప్రొటీన్లకు అంటుకుని గట్టిపడుతుంది. పై పొరను కిందకు పట్టి ఉంచే జిగురు లాంటి పొర అలా చెడిపోతుంది. చెమ్మెక్కిన గోడ మీద సున్నం ఎలా పెచ్చులుగా లేస్తుందో చూశారు కదా, అలా చిన్నగా నలిపినా పై పొర లేచిపోతుంది. ఊడిన చోట పూడదు, పూడినా మళ్లీ ఊడుతుంది. కార్నియా లోపలి వైపున నీటిని బయటకు తోడేసే కణాలు ఉంటాయి. అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. షుగర్ వాటిని కూడా బలహీనం చేస్తుంది. కాటరాక్ట్ ఆపరేషన్ అప్పుడు షుగర్ ఉన్నవారి విషయంలో డాక్టర్లు అదనంగా జాగ్రత్త పడటానికి ఇదీ ఒక కారణం.

కన్నీటి సంగతి. ఐదు నిమిషాలు కింది రెప్పలో కాగితం ముక్క పెట్టి చూస్తాం, పది మిల్లీమీటర్లకు పైగా తడవాలి. నాన్నకు నాలుగు తడిచింది.

ఇదంతా అరుదైన సంగతి అనుకోకండి. షుగర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది కార్నియాలో ఎంతో కొంత మార్పు కనిపిస్తుందని డాక్టర్లు చెప్తారు. అందరికీ పుండ్లు పడవు, నిజమే. ఎక్కువమందికి కళ్లు పొడిబారడం, మంటతో ఆగిపోతుంది. మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. మీ షాపులో రోజుకు ఎన్ని మెట్‌ఫార్మిన్ స్ట్రిప్పులు అమ్ముడవుతాయో మీకే తెలుసు, ఆ లెక్క చాలు.

షుగర్‌కి, కంటికి సంబంధం ఉందని జనానికి తెలియదని కాదు. తెలుసు. కానీ తెలిసిందంతా కంటి వెనక ఉండే రెటీనా గురించే. ఏడాదికోసారి రెటీనా ఫోటో తీయించుకోండి అని ఫిజీషియన్ చెప్తాడు, చెప్పాలి కూడా. నాన్న తీయించుకున్నాడు. "కొద్దిగా మార్పులున్నాయి, భయం లేదు" అన్నారు. కంటి వెలుగు శిబిరంలో దగ్గరి చూపు అద్దాలు తెచ్చుకున్నాడు. రెండు చోట్లా పరీక్ష సరిగ్గానే చేశారు. కానీ కార్నియాకు స్పర్శ ఉందా లేదా అని ఎవరూ తాకి చూడలేదు. పాదాల స్పర్శ చూడటానికి షుగర్ క్లినిక్‌లలో సన్నని నైలాన్ తీగతో నొక్కి చూస్తారు. కాలికి పుండు పడితే నొప్పి లేకపోయినా ప్రమాదమని ఇవాళ ఏ షుగర్ పేషెంట్‌ని అడిగినా చెప్తాడు, చెప్పులు లేకుండా గడప దాటడు. కంటికి కూడా అలాంటి పుండు పడుతుందని ఎవరూ చెప్పలేదు. ఆస్పత్రుల తరఫున ఆ తప్పు మాది.

ఇక చుక్కల మందుల సంగతి. మీకు తెలిసినవే, షుగర్ ఉన్న కంటి వైపు నుంచి ఒకసారి చూడండి.

స్టెరాయిడ్ ఎరుపు తగ్గిస్తుంది. రెండు రోజుల్లో కన్ను తెల్లబడితే మందు పనిచేసిందనుకుంటాం. లోపల జరిగేది వేరు. మానడానికి అసలే మొరాయిస్తున్న పై పొరను అది ఇంకా ఆలస్యం చేస్తుంది. ఆ సందులో ఏ ఫంగస్ అయినా చేరితే దానికి తలుపు బార్లా తీసినట్టే. మన ప్రాంతంలో కార్నియా పుండ్లలో ఫంగస్ వాటా చాలా ఎక్కువ. నెలల తరబడి వాడితే కంటి ప్రెషర్ పెరగొచ్చు, శుక్లం ముందే రావొచ్చు. నాన్నకు ప్రెషర్ కూడా పెరిగి ఉంది, అది తర్వాత తేలింది.

కంటి నొప్పికి ఇచ్చే డైక్లోఫెనాక్, కెటోరోలాక్ చుక్కలు ఇంకో రకం. ఉన్న కాస్త స్పర్శను కూడా తగ్గిస్తాయి. పై పొర సరిగా లేని కంట్లో వాడితే కార్నియా కరిగిపోయి రంధ్రం పడిన సందర్భాలున్నాయి. కంటిని మొద్దుబార్చే మత్తు చుక్కలు ఎవరు అడిగినా ఇవ్వకండి, వెల్డింగ్ పని చేసేవాళ్లు అడుగుతారని తెలుసు, వాళ్లకు కూడా ఇవ్వకండి.

ఆఖరికి కన్నీటి చుక్కలు. ఇవి మంచివే. కానీ చాలా మామూలు సీసాల్లో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ ఉంటుంది, రోజుకు ఏడెనిమిది సార్లు వేసుకునేవాళ్లకు అదే పై పొరను తినేస్తుంది. ప్రిజర్వేటివ్ లేనివి ధర ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం అవే చూపించండి, కొనాలా వద్దా వాళ్ల ఇష్టం.

చట్టం గురించి మీకు నేను పాఠం చెప్పక్కర్లేదు. డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా షెడ్యూల్ హెచ్‌లో పైపూత మందులకు మినహాయింపు ఉన్నా కంటి, చెవి, ముక్కు మందులకు లేదని గోడ మీద లైసెన్సు తగిలించుకున్న ప్రతివారికీ తెలుసు. చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు ఇవ్వకూడదు. ఇస్తున్నారనీ మీకు తెలుసు, నాకూ తెలుసు. నేను ఆ దారిలో వెళ్లదలుచుకోలేదు. ఇన్‌స్పెక్టర్ వస్తాడన్న భయం రెండు వారాలు ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ డబ్బా చూపిస్తే మందు వస్తుంది.

నేను అడిగేది చిన్నది. కంటి చుక్కలు అడిగిన ప్రతి మనిషినీ "షుగర్ ఉందా?" అని అడగండి. చాలాసార్లు అడగాల్సిన పని కూడా ఉండదు. ఏ ఇంట్లో ఎవరికి షుగర్ ఉందో, ఎవరికి ఈ మధ్య ఇన్సులిన్ మొదలైందో, ఎవరు డబ్బుల్లేక పది రోజుల మాత్రలే తీసుకెళ్తున్నారో మీకు తెలిసినంత నాకు తెలియదు, వాళ్ల డాక్టరుకూ తెలియదు. డాక్టర్ ఆ మనిషిని మూడు నెలలకోసారి చూస్తాడు, మీరు పది రోజులకోసారి చూస్తారు.

ఉందంటే ఇంకో మాట అడగండి. ఒక్క కన్నేనా, రెండూనా? చూపు మసకగా ఉందా? నల్లగుడ్డు మీద తెల్లగా ఏమైనా కనిపిస్తోందా? మీరే ఒకసారి ఫోన్ టార్చి వేసి చూడండి, పెద్ద చదువు అక్కర్లేదు. వీటిలో ఏ ఒక్కటి అవునన్నా మందు ఇవ్వకుండా పంపించండి, ఈ రోజే వెళ్లమని చెప్పండి. మెహిదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆస్పత్రి ప్రభుత్వానిదే, ఓపీకి పొద్దున్నే వెళ్లాలి. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉంది. లేదా దగ్గర్లో స్లిట్ ల్యాంప్ ఉన్న ఏ కంటి డాక్టరైనా సరే. ముఖ్యంగా ఆ మనిషి "నొప్పేం లేదన్నా" అంటే అప్పుడే ఎక్కువ కంగారు పడండి. మా నాన్న మీ కౌంటర్ దగ్గర ఏడాది పాటు అదే మాట అన్నాడు.

మీరు ఏమంటారో ఊహించగలను. "మేం ఇవ్వకపోతే పక్క షాపువాడు ఇస్తాడు." ఇస్తాడు. అందుకే ఈ లేఖ ఒక్క షాపుకు కాకుండా అందరికీ రాస్తున్నాను. "డాక్టర్ ఫీజు, టెస్టులు, ఒక రోజు కూలి పోతుంది, వాళ్లెక్కడికి పోతారు?" ఇది నిజమైన కష్టం, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మా ఇంటి లెక్క మాత్రం చెప్పగలను. చుక్కల సీసా వంద లోపే. పుండు మానడానికి పట్టింది 11 వారాలు.

ఆ 11 వారాలు ఎలా గడిచాయో కూడా వినండి. ముందు పాత చుక్కలన్నీ ఆపించారు. పుండును గీకి ల్యాబ్‌కి పంపితే ఏ క్రిమీ దొరకలేదు, అదే మా అదృష్టం. క్రిమి లేదు, అయినా మానదు. పుండును కప్పి ఉంచే బ్యాండేజ్ కాంటాక్ట్ లెన్స్ వేశారు, సగం మాని మళ్లీ విచ్చుకుంది. తర్వాత రెప్పలు రెండూ బయటి కొస వైపు కలిపి కుట్టారు, కన్ను ఎప్పుడూ సగం మూసి ఉండేలా. నాన్న అద్దం ముందు నిలబడటం మానేశాడు. ఆయన రక్తమే తీసి, అందులోంచి సీరం వేరు చేసి చుక్కలుగా చేసిచ్చారు. నరాల నుంచి అందాల్సిన బలంలో కొంత అందులో ఉంటుంది. ఆ చిన్న సీసాలు మా ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి గిన్నె పక్కన ఉండేవి, పసుపుగా. అమ్మ ఆ అర వైపు చూడకుండా పిండి తీసేది. ఇంకోవైపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4 నుంచి కిందకు దించడానికి ఫిజీషియన్ చుట్టూ తిరిగాం.

మానింది. మచ్చ మిగిలింది. కుడి కంటితో చార్టులో పై నుంచి మూడో వరుస దాకా చదువుతాడు. రాత్రిపూట ఎదురుగా బండి లైటు పడితే ఆగిపోతాడు.

ఆ రోజుల్లోనే ఒకసారి అడిగాడు, "నేను పోయినంక నా కళ్లు ఎవరికీ పనికిరావా ఇక?" అని. షుగర్ ఉన్నవాళ్లూ కళ్లు దానం చేయొచ్చు, ఐ బ్యాంకు వాళ్లు పరీక్షించి ఏది పనికొస్తుందో చూసుకుంటారు అని చెప్పాను. ఎడమ కన్ను మీద చెయ్యి పెట్టుకుని, "అయితే దీన్ని జాగ్రత్తగా చూసుకోవాలె" అన్నాడు.

ఇంట్లో చేసే వైద్యాల గురించి కూడా ఒక మాట. నందివర్ధనం పూలు, ఆముదం, చనుబాలు... ఇంకా వేస్తున్నారు. మీ దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు మా మాట కన్నా మీ మాట వింటారు. "అమ్మా, షుగర్ కన్ను, అందులో ఏమీ పోయొద్దు" అని మీరంటే ఆగిపోతారు, తెల్లకోటు వేసుకుని నేనంటే తల ఊపి ఇంటికెళ్లి పోస్తారు.

నాన్న ఇప్పటికీ అదే షాపులో మాత్రలు కొంటాడు. వేరే షాపుకు వెళ్దామంటే, "ఆ పిల్లగాడు ఏం జేసిండు, నేనడిగితేనే కదా ఇచ్చిండు" అంటాడు. పోయిన నెల నేనూ వెంట వెళ్లాను. ఆ తమ్ముడు నాన్న కంటి వైపు చూసి ఏమీ అడగలేదు, చాలాసేపు స్ట్రిప్పులు లెక్కపెట్టాడు. చిల్లర ఇచ్చేటప్పుడు మెల్లగా అడిగాడు, "అక్కా, మా అమ్మకు కూడా షుగర్. కళ్లు మండుతున్నాయంటుంది. ఏ చుక్కలు ఇయ్యాలె?" ఏవీ ఇవ్వొద్దు, ముందు తీసుకురా అన్నాను. తీసుకొచ్చాడు. ఆమెకు స్పర్శ తగ్గింది గానీ పుండు లేదు.

మీలో ఎంతమందికి షుగర్ ఉందో నాకు తెలియదు. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తి రాత్రి పదకొండుకు దించే పని, భోజనానికి వేళ ఉండదు, తక్కువమందికేం ఉండదు. మీ ఏరియాలో మీ సంఘం మీటింగ్ ఎప్పుడైనా పెట్టుకుంటే, ఆ కబురు మా వీధి షాపు తమ్ముడికి చెప్పండి, అతను నాకు ఫోన్ చేస్తాడు. ఆదివారాలు నాకు సెలవు. దూది, పుండు ఉంటే బయటపెట్టే నారింజ రంగు ఫ్లోరెసిన్ స్ట్రిప్పులు, నీలం లైటు టార్చి సంచిలో వేసుకుని వస్తాను. ఉపన్యాసం ఇవ్వను. షుగర్ ఉన్నవాళ్లు ముందు వరుసలో కూర్చోండి, మీ కళ్ల నుంచే మొదలుపెడతాను.

ఇట్లు,
ఉప్పల్ నుంచి ఒక ఆప్టోమెట్రిస్టు, ఒక కండక్టర్ గారి అమ్మాయి